ఎర్ర గడిలో మాట

విజయవాడ సూర్యారావుపేటలో ఏ మందుల షాపులోనైనా ట్రమడాల్ అనే నొప్పి బిళ్ల అడగండి. అట్ట మీద ఎర్ర గడిలో హెచ్చరిక ఉంటుంది. షాపతను ముందు చీటీ చూడాలి, మీ పేరూ, డాక్టరు పేరూ, ఇచ్చిన బిళ్లల లెక్కా పుస్తకంలో రాయాలి. ఆ పుస్తకం 3 ఏళ్లు దాచాలి. ఇది 2014 నుంచి ఉన్న షెడ్యూల్ హెచ్1 నియమం. 2018లో ట్రమడాల్‌ను మాదకద్రవ్యాల చట్టం కిందికీ తెచ్చారు. 2025 మార్చిలో ‘ఆపరేషన్ గరుడ’ పేరుతో రాష్ట్రమంతా మందుల షాపులు తనిఖీ చేశారు కూడా.

ట్రమడాల్, మార్ఫిన్ లాంటివి నల్లమందు వంశానివి. నొప్పి ఉన్నచోటును బాగుచేయవు. నొప్పి కబురు మెదడుకు గట్టిగా అందకుండా చూస్తాయి. ఆపరేషన్ తర్వాత నాలుగు రోజులు వాడితే మేలే. క్యాన్సర్ రోగికి డాక్టరు రాసిన మార్ఫిన్ ఇవ్వడానికి జంకే ఇళ్లను చూస్తే నాకు కష్టంగా ఉంటుంది.

చిక్కు ఇంకోచోట ఉంది. నాట్లేసి నడుం పట్టేసిన మనిషి పక్కింటాయన బిళ్ల ఒకటి అడిగి వేసుకుంటాడు. హాయి. కొన్ని వారాలకు ఒకటి చాలదు. మానేస్తే చెమటలు, ముక్కు కారడం, కాళ్ల పీకులు, విరేచనాలు. జ్వరమేమో అనుకుని మళ్లీ అదే మింగుతాడు. మన భాషలో సారా కూడా మందే! ఆ మందు మీద ఈ మందు పడితే నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చు.

అలవాటైనవాళ్లు టక్కున మానొద్దు, డాక్టరు కొద్దికొద్దిగా తగ్గిస్తారు. చీటీ లేకుండా అమ్మే షాపు కంటబడితే మాదకద్రవ్యాలను అరికట్టే ఈగల్ పోలీసు విభాగం నంబరు 1972.