వచ్చినదెంత, నిలిచినదెంత?

(హోసూరులో మన సంఘపు యువజన సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

 

ఇచట కూర్చున్న యువతీయువకులలో అనేకులు తెల్లవారకమునుపే బస్సెక్కి బెంగుళూరునకు ఉద్యోగమునకు పోవుచున్నవారు. కొందరు అచటనే గదులు తీసికొని యున్నవారు. దూరము సుమారు 40 కిలోమీటర్లే యైనను ఆ నగరపు లెక్క వేరు. కొద్ది జీతముతో అచట గౌరవముగను, ఆరోగ్యముగను, అప్పు లేకుండను బ్రదుకుట ఎట్లు అనునది నేటి నా విషయము.

మొదట ఒక సంగతి మనవి చేసెదను. మా బంధువర్గములోని యువకుడొకడు క్రొత్తగా ఉద్యోగమున చేరిన యేడు ఉగాదికి ఇంటికి రాలేదు. సెలవు దొరకలేదనెను, మేము నమ్మితిమి. దసరాకును రాలేదు. అంతట అతని నాయనమ్మ స్వయముగా పోయి చూచి వచ్చినది. లేనిది సెలవు కాదు, చేతిలో పైకము. వట్టి చేతులతో ఇంటికి వచ్చుటకు సిగ్గుపడెను.

ఇది ఎట్లు జరిగినది? బెంగుళూరులో ఇల్లు అద్దెకిచ్చు యజమానులు పలువురు అయిదు మొదలు పది నెలల అద్దెను అడ్వాన్సుగా అడుగుదురు. మొదటి జీతము అందకమునుపే ఆ మొత్తము కట్టవలసివచ్చును. అతడు తన వంతు 40,000 రూపాయలను క్రెడిట్ కార్డుపై తీసెను. పిదప నెలకు కనీసపు మొత్తమని వారు కోరిన 2,000 రూపాయలు కట్టుచు, బాకీ తీరుచున్నదని భావించెను. వడ్డీ నూటికి నెలకు మూడున్నర రూపాయలు. అనగా మొదటి నెలలో 1,400 రూపాయలు వడ్డీకే పోయినవి. అసలునకు చెల్లినది 600 మాత్రమే. పన్నులు, రుసుములు వేరు.

మన తాతలు రెండు రూపాయల వడ్డీ అడిగినవాని గడప త్రొక్కుటకు జంకెడివారు. నేడు మనము మూడున్నర రూపాయల వడ్డీకి, చదువకయే సంతకము చేయుచున్నాము. కావున ఏ అప్పునైనను మొదట మన పాత లెక్కలోనికి మార్చుకొనుడు: నూటికి నెలకెంత? ఫోను ద్వారా అప్పిచ్చువారు సంవత్సరమునకు అగు మొత్తపు ఖర్చును ముందుగా వ్రాసి చూపవలయుననియు, వద్దనుకొన్నవారికి కొలది దినములలో అసలును, ఆ దినముల ఖర్చును మాత్రము చెల్లించి తప్పుకొను వీలు కల్పింపవలయుననియు 2022లో రిజర్వు బ్యాంకు నిర్దేశించినది. అట్టి పత్రము చూపని వానివద్ద అప్పు చేయరాదు.

ఇక అడ్వాన్సు సంగతి. క్రొత్తగా చేరినవారు కొన్ని నెలలు ఇంటినుండియే పోయి వచ్చుట, లేక అడ్వాన్సు తక్కువగా నుండు వసతిగృహమున నుండుట మేలు. ఆ మొత్తము కూడిన పిదపనే ఇల్లు తీసికొనుడు. ఖాళీ చేసినపుడు ఎన్ని దినములలో పైకము తిరిగి యిత్తురో, రంగులు వేయించుటకని ఎంత పట్టుకొందురో కాగితముపై వ్రాయించుకొనుడు. నోటిమాటపై నిలిచినవారు చివరకు ఒక నెల అద్దెను పోగొట్టుకొనుట తరచుగా కనబడుచున్నది.

చేతికి 30,000 రూపాయలు వచ్చునని యనుకొందము. ముగ్గురు కలిసి యున్న యింటిలో అద్దె వంతు 8,000, భోజనము 6,500, ప్రయాణము 1,500, విద్యుత్తు, ఫోను 1,000, ఇంటికి పంపునది 4,000, నిలువ 5,000, బట్టలు, మందులు 2,000, పుస్తకములు, స్నేహితులు, వినోదము 2,000. ఈ అంకెలు ఒక్కొక్కరికి మారవచ్చును. ఒక్క నియమము మాత్రము మారరాదు. నిలువ సొమ్ము జీతము వచ్చిన దినముననే వేరు ఖాతాలోనికి పోవలయును. ఖర్చు పోగా మిగిలినది దాచుదమనుకొన్నవానికి నెలాఖరున ఏమియు మిగులదు. వినోదమునకు పెట్టిన 2,000లను దుబారా యని కొట్టివేయకుడు. ఉల్లాసము లేని పొదుపు మూడు నెలలకు మించి నిలువదు.

భోజనమున మనకు పుట్టింటి బలము కలదు. ఆవకాయ, కందిపొడి, చారుపొడి ఇంటినుండి కొనిపోయినచో, కుక్కరులో అన్నము పెట్టుకొన్న అరగంటలో భోజనము సిద్ధము. రాగిసంగటి తినుటకు నగరమున నామోషీ పడువారు కలరు. 100 గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు; అంతే తూకపు పాలలో దాదాపు దానిలో మూడవ వంతు మాత్రమే. ఫోనులో తెప్పించుకొను భోజనమునకు పదార్థపు వెలయే గాక, తెచ్చినందులకు, కట్టినందులకు కూడ చెల్లింతుము. వారమునకొకసారి చాలును.

మన యింటిలో తెలుగు, బడిలో తమిళము, సంతలో కన్నడము. ఇతరులు శ్రమపడి నేర్చుకొను మూడు భాషలు మనకు ఉగ్గుపాలతో వచ్చినవి. కూరగాయల అంగడిలోను, ఇంటి యజమానివద్దను ఇది మన పెట్టుబడి. సాయంకాలము ఊసుపోనిచో కబ్బన్ తోటలోని గ్రంథాలయము కలదు, లాల్‌బాగ్ కలదు. 2023 జూన్‌లో కర్ణాటకమున మొదలైన శక్తి పథకము క్రింద, ఆ రాష్ట్రవాసులైన స్త్రీలు సాధారణ ప్రభుత్వ బస్సులలో ఉచితముగా ప్రయాణింపవచ్చును. అచట కాపురమున్న మన ఆడపిల్లలు చిరునామా పత్రమును సరిచేయించుకొనవలయును.

నిలువ సొమ్ము గూర్చి మూడు మాటలు. ఉద్యోగము మారినపుడు ప్రావిడెంటు ఫండును తీసి ఖర్చుచేయక క్రొత్త ఖాతాకు మార్పించుకొనుడు. చీటీ వేయుట మన ఆచారమే. కాని 1982 నాటి చిట్ ఫండ్ల చట్టము ననుసరించి నమోదైన చీటీలోనే వేయుడు. బ్యాంకులో దాచినదానికి ఒక్కొక్క బ్యాంకునందు 5 లక్షల వరకు బీమా రక్షణ 2020 నుండి కలదు. తెలిసినవారి చేతికిచ్చిన దానికి ఏ రక్షణయు లేదు.

తుదకు పెద్దలకు ఒక విన్నపము. ఆ యువకుని మేమందరము "జీతమెంత?" అని అడిగితిమి; "ఖర్చెంత?" అని ఒక్కరము అడుగలేదు. పండుగకు వచ్చు కుమారుని చేతిసంచివైపు చూచితిమి గాని ముఖమువైపు చూడలేదు. ఈ తప్పులో నాకును భాగము కలదు. నాయనమ్మ తన చీటీ సొమ్ముతో ఆ బాకీ తీర్చినది. అతడు నెలకు 3,000 చొప్పున ఆమెకు తిరిగి చెల్లించెను. ఆమె వడ్డీ అడుగలేదు. ప్రతి నెలయు స్వయముగా వచ్చి ఇయ్యవలయునని మాత్రము కోరినది. ఆ మరుసటి ఉగాదికి అతడు వట్టి చేతులతోనే వచ్చి మాతో కూర్చుండి పచ్చడి తినెను.

యువకులారా! చేతిలో పైకము లేనినాడు కూడ ఇంటికి రండు. పెద్దలారా! అట్లు వచ్చినవానికి ముందుగా ఆకు వేయుడు. లెక్కలు తరువాత చూచుకొందము.