పొయ్యి దగ్గర నిలబడే గంటలు: వంటవిద్యాలయాన్ని ఎంచుకునే పద్ధతి

వంటను వృత్తిగా నేర్పే విద్యాసంస్థల్లో ఏది మంచిదో తేల్చుకునే ముందు, ఆ సంస్థ ప్రధానంగా వంటనే నేర్పుతుందా, లేక హోటలు నిర్వహణలో ఒక భాగంగా మాత్రమే నేర్పుతుందా అన్నది విడదీసి చూడవలసి ఉంటుంది. మన దేశంలో ఈ రెండు చదువులూ చాలాకాలం కలగలిసే పెరిగాయి. 1954లో బొంబాయిలో లీలావతీ మున్షీ చొరవతో వెలసిన కేటరింగ్ కళాశాల ఈ తరహా విద్యకు నాంది పలికింది. తిండిగింజల కొరత తీరని ఆ రోజుల్లో పుట్టింది గనుక పోషకాహారమూ, పెద్ద ఎత్తున వండి పెట్టడమూ దాని ముఖ్య విషయాలయ్యాయి. చెన్నైలో 1963లో ఏర్పడి ఇప్పుడు తరమణిలో నడుస్తున్న ఐహెచ్‌ఎం, అంటే కేంద్ర ప్రభుత్వ హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ, ఆ వరుసలోనిదే. 1980ల మొదట్లో ఇటువంటి సంస్థలు పర్యాటక శాఖ పరిధిలోకి వెళ్లాక వాటి చూపు స్టార్ హోటళ్ల మీదికి మళ్లింది.

అందువల్ల ఐహెచ్‌ఎంలో మూడేళ్ల బీఎస్సీ చదివే విద్యార్థి వంటశాలలో ఎంతకాలం గడుపుతాడో, వడ్డన, గదుల నిర్వహణ, ఫ్రంట్ ఆఫీస్ అనే అతిథుల రాకపోకల విభాగం, లెక్కలు వంటివాటికి అంతకు తక్కువ కాని కాలం వెచ్చిస్తాడు. హోటలు మేనేజరు కావాలనుకునేవారికి ఇది సరైన చదువు. కత్తి, మూకుడు తప్ప మరేదీ పట్టని పిల్లలకు మాత్రం సగం కాలం భారంగా గడుస్తుంది. ఈ సంస్థల్లో చేరడానికి ప్లస్ టూ తర్వాత రాసే ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ ఇంగ్లిషు, తర్కం, లెక్కలు, లోకజ్ఞానం వంటివి పరీక్షిస్తుందే గాని చేతిపనిని పరీక్షించదు; కాబట్టి మంచి ర్యాంకు వచ్చింది గదా అని పిల్లవాడికి వంట అబ్బుతుందనుకోవడం తొందరపాటే అవుతుంది.

వంటనే కేంద్రంగా పెట్టుకున్న చదువు వేరు. పారిస్‌లో 1895లో మొదలైన ల కార్డాన్ బ్లూ, రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులకు బతుకుదెరువు చూపడానికి 1946లో పెట్టిన అమెరికా కలినరీ ఇన్‌స్టిట్యూట్ ఆ కోవకు చెందుతాయి. తెలుగువారికి అందుబాటులో ఉన్నవాటిలో హైదరాబాదులో 1996 నుంచి నడుస్తున్న కలినరీ అకాడమీ ఆఫ్ ఇండియా ఒకటి, కేంద్ర పర్యాటక శాఖ తిరుపతిలో నెలకొల్పిన ఇండియన్ కలినరీ ఇన్‌స్టిట్యూట్ మరొకటి. చెన్నైలోని సౌకార్‌పేట నుంచి తిరుపతి ఉదయం బయలుదేరి రాత్రికి ఇల్లు చేరుకోగలిగినంత దూరంలోనే ఉంది గనుక, ఫీజు కట్టేముందు ఒక పనిదినం చూసుకుని వెళ్లి రావడం ఏ కుటుంబానికీ కష్టం కాదు.

ఈ పేటలో అన్నిటికన్నా ముందు తేలవలసిన సంగతి ఒకటుంది, దానిని చాలామంది చివరిదాకా వాయిదా వేస్తారు. మార్వాడీ, గుజరాతీ జైనులూ, తెలుగు ఆర్యవైశ్యులూ తరతరాలుగా కాపురమున్న ఈ వీధుల్లో మాంసం ముట్టని ఇళ్లే ఎక్కువ. వంటవిద్యాలయపు మామూలు పాఠ్యక్రమంలోనేమో ఎముకలు మరిగించి తీసే స్టాక్, కోడిని కీళ్ల దగ్గర విడగొట్టడం, చేపను ముల్లు తీసి పలకలుగా కోయడం తొలి ఏడాదిలోనే వస్తాయి. వండడంతో పని తీరదు, రుచి చూడక తప్పదు; ఉప్పు చాలిందో లేదో నాలుకకు తప్ప దేనికీ తెలియదు. చేరాక ఏదో సర్దుకుంటుందిలే అనుకునేవారు సాధారణంగా మొదటి సెమిస్టరులోనే చిక్కుల్లో పడతారు. అహ్మదాబాద్, భోపాల్, జైపూర్ ఐహెచ్‌ఎంలు శాకాహార విభాగాన్ని ఎంచుకునే వీలు కల్పించాయి. మిగతాచోట్ల మినహాయింపు ఇస్తామంటే దానిని కాగితం మీద రాయించుకోవడం మేలు. బేకరీ చదివితే ఈ బెడద ఉండదనుకోవడమూ సరికాదు, ఎందుకంటే కేకుల్లో గుడ్డుతో పాటు, జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ కూడా అక్కడ నిత్యావసరమే. దాని బదులు సముద్రపు నాచు నుంచి తీసే అగర్ అగర్, అంటే అంగళ్లలో దొరికే చైనా గ్రాస్, ఎంత వాడితే ఎంత గట్టిపడుతుందో నేర్పగల ఉపాధ్యాయుడున్న సంస్థ ఈ పేట పిల్లలకు నిజంగా పనికివస్తుంది.

ఇక సంస్థను కొలవడానికి భవనం, యూనిఫారం, గోడమీది ఫొటోలు కొలమానాలు కావు. ఒక విద్యార్థి వారంలో ఎన్ని గంటలు సొంతంగా పొయ్యి దగ్గర నిలబడతాడన్నదే అసలు కొలత. ఉపాధ్యాయుడు వండుతుంటే చుట్టూ నిలబడి చూడడాన్ని డెమాన్‌స్ట్రేషన్ అంటారు. అది అవసరమే, కాని దానినే ప్రాక్టికల్ గంటల్లో కలిపి చూపే సంస్థలున్నాయి. ఒక్కో పొయ్యికి ఎందరు విద్యార్థులో కళ్లారా చూసి లెక్కపెట్టవచ్చు. స్టోరు నుంచి ఆ రోజు పాఠానికి తెప్పించే సరుకుల పట్టీని ఇండెంట్ అంటారు. దానిని చూపమని అడిగితే, ఇరవైమంది ఉన్న తరగతికి అరకిలో వెన్న వచ్చిందా, మూడు కిలోలు వచ్చిందా అన్నది తెలిసిపోతుంది. ఆ ఒక్క కాగితం పుస్తకమంత ప్రాస్పెక్టస్ కన్నా ఎక్కువ చెబుతుంది. పచ్చి మాంసానికి ఎరుపు, కూరగాయలకు ఆకుపచ్చ అన్నట్టు కోతపలకల రంగులు పాటిస్తున్నారా, 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మక్రిములు చురుగ్గా పెరుగుతాయి గనుక వండిన పదార్థాన్ని ఆ వేడిలో ఎక్కువసేపు ఉంచకుండా జాగ్రత్త పడుతున్నారా అన్నవి కూడా ఆ వంటశాలలో పది నిమిషాలు నిలబడితే కనిపిస్తాయి.

మింట్ స్ట్రీట్‌లో సాయంకాలం జిలేబీ వేసే మేస్త్రీలు ఉండగా బడి ఎందుకన్న ప్రశ్న ఈ పేటలో సహజంగానే వస్తుంది. ఆ మేస్త్రీ రెండు వేళ్ల మధ్య పాకాన్ని పట్టి సాగదీసి, ఒంటి తీగ రాగానే పొయ్యి మంట తగ్గిస్తాడు. ఆ తీగ 105 డిగ్రీల దరిదాపుల్లో వస్తుందనీ, నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే పంచదారలో కొంత భాగం గ్లూకోజు, ఫ్రక్టోజుగా విడిపోయి పాకం మళ్లీ పలుకులు కట్టకుండా అడ్డుపడుతుందనీ బడి చెబుతుంది. మేస్త్రీ చేతికి ఇవన్నీ తెలుసు, కాని ఆయన పది కిలోలకు చేసేదానిని మరొక ఊరిలో, మరొకరి చేత వంద కిలోలకు చేయించాలంటే కొలతా, కారణమూ తెలిసి ఉండాలి. ఆ రెండూ నేర్పకుండా వంటకాల జాబితా మాత్రం వల్లెవేయించే విద్యాలయం కన్నా మిఠాయి కొట్టులో ఏడాది పని మేలు.

లెక్కలు నేర్పే తీరూ గమనించదగ్గదే. కిలో నలభై రూపాయలకు కొన్న కూరగాయలో తొక్క, తొడిమ పోగా 800 గ్రాములే మిగిలితే దాని అసలు ధర కిలో యాభై అవుతుంది. కొట్టు నడిపే ఇళ్ల పిల్లలకు ఇది త్వరగా పట్టుబడుతుందనే మాట నిజమే గాని, వంటకం ధర కట్టేటప్పుడు దీనిని మరచి నష్టపోయేవారు అన్ని పేటల్లోనూ ఉన్నారు. పట్టా ఏ విశ్వవిద్యాలయం పేరుమీద వస్తుందో, ఆ గుర్తింపు నిలిచి ఉందో లేదో యూజీసీ, ఏఐసీటీఈ జాబితాల్లో సరిచూసుకోవాలి. నూటికి నూరుమందికీ ఉద్యోగమన్న ప్రకటన ఎదురైతే ఏ హోదాలో అని అడగడం సబబు. వంటశాలలో తొలి మెట్టు కమీ, దాని పైన షెఫ్ ద పార్టీ, సూ షెఫ్ ఉంటారు, ఎంత మంచి బడి నుంచి వచ్చినా చాలామంది కమీగానే మొదలుపెడతారు. హోటలులో శిక్షణకు పంపే సెమిస్టరులో విద్యార్థిని విభాగాలు మార్చి తిప్పుతారా, లేక ఉల్లిపాయలు ఒలిపించడానికే వాడుకుంటారా అన్నది పై తరగతి పిల్లలు చెప్పగలరు. ఆ మాట ప్రిన్సిపాల్ గదిలో కాక క్యాంటీన్‌లో అడగాలి.

సొంత కొట్టు ఉండి, దానినే పెంచాలనుకునేవారికి మూడేళ్ల పట్టా అక్కరలేకపోవచ్చు. ఏడాదిన్నర సాగే ఫుడ్ ప్రొడక్షన్ క్రాఫ్ట్ కోర్సులు, చదువు మధ్యలో ఆగిపోయిన యువకులకు పర్యాటక శాఖ ఉచితంగా నడిపే హునర్ సే రోజ్‌గార్ తక్ శిక్షణ, ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఇచ్చే ఫాస్టాక్ శుభ్రతా శిక్షణ వంటివి తక్కువ కాలంలో పూర్తవుతాయి, ఖర్చూ తక్కువే. వీటిలో చేరిన కుర్రవాడు ఉదయం తరగతికి వెళ్లి, సాయంత్రం రద్దీ వేళకు తండ్రి కొట్టుకు తిరిగిరాగలడా లేదా అన్నది సమయపట్టిక చూసి ముందే తేల్చుకోవచ్చు.