మండువా యింట తోట

నగరములలో ఇల్లు కట్టుకొనువారిలో కొందరికి పాతకాలపు మండువా లోగిళ్లపై మరల మక్కువ కలుగుచున్నది. చెక్కిన స్తంభములను, బరువైన ద్వారబంధములను వెదకి తెచ్చి నిలుపుచున్నారు. సంతోషమే. కాని మండువా యనగా స్తంభములు కావు. ఇంటి నడుమ ఆకాశమునకు విడిచిన చోటు. దానిని అద్దముతో మూసి, నేలను నున్నని పలకలతో కప్పినచో మిగులునది మండువా బొమ్మయే.

ఈ మాట అనుభవముమీద చెప్పుచున్నాను. వానకు బురద యగుచున్నదని మా పాత యింటి మండువా నేలను మేమే యొకప్పుడు సిమెంటుతో కప్పించితిమి. వేసవి రాగానే తప్పు తెలిసినది. పగలెల్ల కాగిన నేల ప్రొద్దు గ్రుంకినను చల్లారదయ్యెను. సాయంకాలము అచ్చట పీట వేసికొని కూర్చుండు మా అమ్మగారు లోపలి గదిలోనికి తరలిపోయిరి. ఆమెతోపాటు ఇంటిల్లిపాది ముచ్చటలును పోయినవి.

కావున మొదట నేలను, నీటిని చూడుడు. 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పుగల మండువాలో 1 అంగుళము వాన కురిసిన సుమారు 940 లీటర్ల నీరగును. నాలుగు చూరులనుండి దిగునది దానికి అదనము. ఈ నీటిని వీధికాలువ పాలు చేయక, తూముద్వారా పెరటిలో, పునాదులకు దూరముగా త్రవ్విన ఇంకుడుగుంతకు మళ్లింపవలెను. నడచు దారిలో నాపరాళ్లు పరచి, సందులలో ఇసుక నింపుడు. మిగిలినది మట్టిగనే యుండనిండు. ఎక్కడను నీరు నిలువరాదు. కుండీల క్రింది పళ్లెములను వారమున కొకసారియైన ఒంపి ఆరబెట్టనిచో దోమలు పెరుగును.

తరువాత ఎండను గమనింపుడు. మండువాలో ఎండ కొద్దిసేపే యుండును. అది తగులు వైపున తులసికోట, నీడపట్టున తమలపాకు తీగ చక్కగా నుండును. మల్లెకు నిండు ఎండ కావలెను గనుక దానికి మేడయో పెరడో తగినది. స్నానపు నీరు పారు చోట అరటి వేయుడు. వాకిట పారిజాతమున్నచో తెల్లవారునప్పటికి నేలయంతయు పూలే. పడమటి ఎండ కాయు గోడకు నీడగా, తగిన దూరములో వేప నాటుడు. గోడ పగుళ్లలో రావి, మర్రి మొలకలు కనిపించిన వెంటనే తీసివేయుడు. వేళ్లు బలిసిన పిమ్మట గోడయే చీలును.

వీధివైపు చోటున్నచో అడుగున్నర ఎత్తున అరుగు కట్టుడు. దారిన పోవు పరిచయస్థుడు రెండు నిమిషములు కూర్చుండుటకు అంతకంటె మంచి ఏర్పాటు లేదు.

మొక్కలు కొనుటకు ముందు ఇంటి పెద్దలు సాయంకాలము ఎక్కడ కూర్చుండ గోరుదురో అడిగి తెలిసికొనుడు. మొదట పీటకు చోటు, పిదప కుండీకి.

మూడేండ్లకు మేము ఆ సిమెంటును సగము పగులగొట్టించి మట్టి నింపితిమి. మొదటి వాన వెలిసిన సాయంకాలము అమ్మగారు ఎవరును పిలువకయే పీట తెచ్చుకొని మండువాలో కూర్చుండిరి.