దూరాన్ని ఎక్కడి నుంచి కొలవాలి?

ఈ స్వర్ణోత్సవ సభలో నా వృత్తి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను గామా కిరణాలను లెక్కపెట్టే పరికరాలతో పనిచేసే ఇంజనీరును.

పాలలోనో మట్టిలోనో రేడియోధార్మికత ఎంత ఉందో తెలియాలంటే ఆ నమూనాను జెర్మేనియం స్ఫటికం ముందు పెడతాం. నమూనా నుంచి కిరణాలు అన్ని దిక్కులకూ పోతాయి. నూటికి ఎన్నింటిని డిటెక్టరు పట్టుకుంటుందో అదే దాని ఎఫిషియెన్సీ. అది సరిగా తెలియకపోతే తెర మీద కనిపించే అంకెకు విలువ లేదు.

దూరం రెట్టింపైతే కాంతి నాలుగో వంతవుతుందని మనం ఈ బడిలోనే నేర్చుకున్నాం. సోర్సు దూరంగా ఉంటే గామా కిరణాలకూ అదే లెక్క. దగ్గరికి తెస్తే ఆ లెక్క తప్పుతుంది. 3 సెంటీమీటర్ల వ్యాసార్ధమున్న గుండ్రటి డిటెక్టరు ముఖాన్ని తీసుకోండి. చుక్కంత సోర్సు 1 సెంటీమీటరు దూరంలో ఉంటే కిరణాల్లో 34 శాతం ఆ ముఖం మీద పడతాయి. 25 సెంటీమీటర్ల దూరంలో పడేవి 0.36 శాతం. వర్గ సూత్రం ప్రకారం 625 రెట్లు తగ్గాలి. నిజంగా తగ్గేది 96 రెట్లే. దూరంలో తీసిన ఎఫిషియెన్సీని ఆ సూత్రంతో దగ్గరి నమూనాకు వాడామా, ఉన్న రేడియోధార్మికతలో ఆరో వంతు కూడా చూపించం. ఆ పాలు తాగేది పసిపిల్లలు కావచ్చు.

ఇంకో చిక్కుంది. గామా కిరణం స్ఫటికం పైముఖం దగ్గరే ఆగదు, కొంత లోపలికి పోయి చిక్కుతుంది. శక్తి పెరిగేకొద్దీ ఇంకా లోతుకు పోతుంది. కాబట్టి దూరాన్ని పైముఖం నుంచి కాక, లోపలెక్కడో ఉన్న ఒక బిందువు నుంచి కొలవాలి. అది కంటికి కనబడదు, గ్రాఫులో దొరుకుతుంది. సోర్సును వేర్వేరు దూరాల్లో ఉంచి లెక్కించి, సెకనుకు వచ్చిన లెక్కల వర్గమూలంతో 1ని భాగించి, దూరానికి ఎదురుగా గుర్తించండి. దాదాపు సరళరేఖ వస్తుంది. వెనక్కి పొడిగిస్తే అది అడ్డగీతను సున్నాకు ఎడమవైపు తాకుతుంది. ఆ ఎడమ దూరమే మన లోతు.

మరీ దగ్గరైతే కోబాల్ట్-60 ఇంకో రకంగా ఏమారుస్తుంది. దాని రెండు కిరణాలు దాదాపు ఒకేసారి వస్తాయి. రెండూ స్ఫటికంలో పడితే పరికరం ఒకటిగానే లెక్కపెడుతుంది. ఒకే ప్రధాన కిరణమున్న సీసియం-137తో ఈ బాధ లేదు.

2010లో ఢిల్లీలోని మాయాపురి పాత ఇనుము బజారులో బయటపడింది ఈ కోబాల్టే. ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు. అలాంటి చోట ఏది ప్రమాదమో, ఏది కాదో చెప్పేది మన కొలతే.

చివరగా ఒక మనవి. ఈ ప్రయోగం బడిలో చేయడానికి రేడియోధార్మికత అక్కర్లేదు. చీకటి గది, లోపలి తీగ కనిపించే చిన్న బల్బు, కాంతిని కొలిచే సెల్‌ఫోను, స్కేలు చాలు. దూరాన్ని బల్బు గాజు నుంచి కొలిచి అదే గ్రాఫు గీస్తే, వెలుగు గాజు దగ్గర కాదు, వెనకున్న తీగ దగ్గర పుడుతోందని గీతే చెబుతుంది. మన పూర్వ విద్యార్థుల సంఘం భౌతికశాస్త్ర ప్రయోగశాలకు ఈ సామగ్రి ఇస్తే, మొదటి గ్రాఫు పిల్లలతో కూర్చుని నేనే గీయిస్తాను. సెలవు.