గ్రామఫోను ప్లేట్లలోని గ్రంథపాతములు



2018వ సంవత్సరమున తాడేపల్లిగూడెములో బాలురకు పద్యపఠనపు పోటీ యొకటి జరిగినది. నేను ఉద్యోగవిరమణ చేసిన తెలుగు పండితుడను గనుక నన్ను న్యాయనిర్ణేతగా కూర్చుండబెట్టిరి. పదమూడేండ్ల బాలుడొకడు తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగములోని ఉత్పలమాల నొకదానిని ఎత్తుకొనెను. గొంతు గొప్పది, రాగము నిలుకడ గలది. మూడవ పాదమునకు వచ్చుసరికి నాకు చీకటిలో మెట్టు తప్పినట్లయ్యెను. ఉత్పలమాలకు పాదమునకు 20 అక్షరములు, పదియవ అక్షరము యతిస్థానము. ఈ బాలుని పాదములో నాలుగక్షరములు లేవు. యతి కూలినది, అర్థమును కుంటువడినది. సభలో చప్పట్లు మాత్రము బాగుగనే మ్రోగినవి.

పోటీ ముగిసిన పిదప వానిని దగ్గరకు పిలిచి, "నాయనా, ఈ పద్యం నీకెవరు నేర్పారు?" అని యడిగితిని. "ఎవరూ నేర్పలేదండి. ఫోనులో విని నేర్చుకున్నానండి. పాత రికార్డండి" అని ఆ ఫోనునే నా చెవిదగ్గర పెట్టెను. వింటిని. మూడవ పాదము నడుమ టక్కుమని చిన్న చప్పుడు. అచ్చట ముల్లు ఒక చుట్టు దాటి ముందునకు దూకినది. దూకినదానిని ఎవరో అట్లే కాపీచేసి లోకముమీదికి వదలిరి. గాయకుని పేరైనను వ్రాయలేదు. బాలుడు దానిని పొల్లుపోకుండ నేర్చుకొనెను. వానికి బహుమాన మిప్పించితిని. తప్పు వానిది కాదు గదా!

తాళపత్రమునుండి ప్రతి వ్రాయువాని కన్ను ఒక పదమునుండి, దిగువ పంక్తిలోని అదే పదము మీదికి దూకుట కలదు. నడుమనున్నది పోవును. దానిని గ్రంథపాత మందుము. కన్ను వెనుకకు దూకినచో వ్రాసినదే మరల వ్రాయును, అది పునరుక్తి. గ్రామఫోను ప్లేటు చేయు దోషములును ఈ రెండే. ముల్లు లోపలికి దూకినచో పాతము, వెలుపలికి జారినచో పునరుక్తి. పద్యములోని అక్షరములు పోయినచో అచ్చుపుస్తకము చూచి నింపవచ్చును. కాని ఆ నాలుగక్షరములను ఆ గాయకుడు ఏ స్వరముమీద నిలిపి యతిని ఎట్లు ముట్టెనో ఏ పుస్తకమునను లేదు. అందుచేత, పాత ప్లేటునుండి కాపీ తీయదలచినవారు మున్ముందుగా దాని దూకుడు మాన్పవలెను. ఆ పని నేను కొంత నేర్చితిని, కొంత చెడగొట్టి నేర్చితిని. దానినే నేడు మనవి చేయుదును.

ప్లేటుమీద వందలకొలది గీతలున్నవని చాలమంది భావింతురు. ఒక్కొక్క వైపున ఉన్నది ఒకే గాడి. అది చుట్టచుట్టుకొన్న పామువలె వెలుపలి అంచునుండి లోపలికి పోవును. ఆ గాడి అటునిటు వణకుచు పోవును. ఆ వణకే పాట. నిమిషమునకు 78 మారులు తిరుగు ప్లేటులో ఒక చుట్టునకు ముప్పాతిక సెకనుకంటె రవంత యెక్కువ పట్టును. ఆ కొద్ది కాలములో, వడిగా చదువు పాదమైనచో, నాలుగక్షరములు ఇముడును; రాగాలాపనమైనచో ఒక్క అకారమైనను పూర్తిగాదు. పద్యము తెలిసినవాడు ఎన్ని యక్షరములు పోయినవో లెక్కించి, ముల్లు ఎన్ని చుట్లు దాటెనో చెప్పగలడు. ఛందస్సు ఇందునకుగూడ పనికివచ్చునని నా గురువులు చెప్పలేదు.

తాడేపల్లిగూడెము బజారులో పూర్వము గడియారములు, రేడియోలు బాగుచేయు వృద్ధుడొకడుండెను. ఎగురు ప్లేటొకటి పట్టుకొని పోయి చూపగా ఆయన దానిని తాకనైన తాకక, "మాస్టారూ, ముందు బల్ల చూడండి, తరవాత ముల్లు చూడండి, ఆ తరవాత మురికి చూడండి. అప్పటికీ ఎగిరితే ప్లేటు సంగతి చూద్దాం" అనెను. ఇంటికి వచ్చి యంత్రముమీద పళ్లెములో నీరు పోసి చూచితిని. నీరు ఒక ప్రక్కకు ఒరిగినది. మా వసారా గచ్చు వాననీరు పోవుటకై తూమువైపు వాలుగా వేయబడినదను మాట నాకు అంతవరకు తోచనేలేదు. బల్లకాలి క్రింద మడిచిన పోస్టుకార్డు రెండు పెట్టితిని. నేను చెడిపోయినవని ప్రక్కన పెట్టిన ప్లేట్లలో సగము ఆనాడే కుదుటబడినవి.

ఇక ముల్లు. కీ యిచ్చి త్రిప్పు గ్రామఫోనుకు ఉక్కుముల్లు ఒక్క వైపునకే పనికివచ్చును. రెండవ వైపునకు క్రొత్తది వేయవలెను. మన పెద్దలు పొదుపరులు. ఒకే ముల్లుతో వారమంతయు నడిపిరి. అరిగిన ముల్లు ఉలివలె గాడిని కోయును. నేటి విద్యుద్యంత్రములమీద 78 ప్లేటు వేయువారు, ఎల్పీల ముల్లుకంటె ఇంచుమించు మూడు రెట్లు మొద్దు కొన గల ముల్లును వాడవలెను. సన్నని ముల్లు గాడి అడుగునబడి దుమ్ములో దొర్లును. దీనికి విపర్యయముగా, వినైలు ప్లేటును మాత్రము కీ గ్రామఫోనుమీద ఎన్నడును పెట్టరాదు. దాని సౌండుబాక్సు గాడిపై మోపు బరువు నూరు గ్రాములకు పైమాట. వినైలు ఓర్వగలిగినది రెండు మూడు గ్రాములే. ఘంటసాల పాడిన భగవద్గీత ఎల్పీలు మన యిండ్లలో ఇంకను అక్కడక్కడ కలవు. వానిని తాతగారి పెట్టెమీద పెట్టి ముచ్చట తీర్చుకొనవలదని నా ప్రార్థన.

వినైలు అనునది ప్లాస్టిక్కు. 1948లో అమెరికాలో ఎల్పీ వెలువడిన పిదప అది వ్యాపించినది. అంతకు ముందటి 78లు లక్కతో చేసినవి. మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై చిన్న పురుగులు పెట్టు లక్కను కరగించి, మెత్తని రాతిపొడి, మసి కలిపి ఒత్తినవి. లోకమునకు కావలసిన లక్కలో అధికభాగము మన దేశమునుండియే పోయెడిది. 1908లో కలకత్తాలో ప్లేట్ల కర్మాగారము వెలసినది. పాండవులను దహింపదలచి దుర్యోధనుడు కట్టించినది లక్కయిల్లు; పాండవుల రాయబారము మనకు వినిపించినదియు లక్కయే. ఇది పండితుని చాపల్యము, క్షమింపుడు.

లక్క స్వభావము నాకు ముందే తెలిసియున్నచో ఒక అపచారము తప్పియుండెడిది. 1984లో, భాషాప్రవీణ ముగించి ఏలూరులో మా యింటనున్న దినములలో, మా నాయనగారి ప్లేటొకటి ఎగురుచుండెను. నేను విద్యావంతుడను గదా! గాయములు కడుగు స్పిరిటు దూదిపై పోసి ప్లేటును గట్టిగా తుడిచితిని. దూది నల్లనయ్యెను. మురికి వదలుచున్నదని సంతోషించి మరల తుడిచితిని. వదలినది మురికి కాదు, ప్లేటే. వడ్రంగులు లక్కను స్పిరిటులో నానవేసియే గదా కుర్చీలకు మెరుగు పెట్టుదురు! ఆరిన పిదప ఆ ప్లేటు బొగ్గుపలకవలె వెలవెలబోయెను. ముల్లు పెట్టగా వేపుడుమూకుడు చప్పుడు తప్ప వేరేమియు వినరాలేదు. నాయనగారు ఒక్క మాటయు ననలేదు. దానిని అట్టసంచిలో పెట్టి తక్కిన ప్లేట్ల నడుమనే నిలిపిరి. ఇప్పటికిని అది అచ్చటనే యున్నది.

కావున 78 ప్లేటును స్పిరిటుతో తాకవలదు. బరువుగానుండి, గోటితో తట్టినచో పెంకువలె మ్రోగునది లక్కప్లేటని గుర్తింపవచ్చును. బ్యాటరీలలో పోయు డిస్టిల్డు వాటరు గిన్నెడు తీసికొని మెత్తని సబ్బునీరు ఒక్క బొట్టు కలుపవలెను. నూతినీరు వలదు, ఉప్పునీరైనచో ఆరిన పిదప ఉప్పు గాడిలోనే నిలుచును. పసిపిల్లల పళ్ళు తోము మెత్తని బ్రష్షును తడిపి, గాడి పోవు దారినే గుండ్రముగా త్రిప్పవలెను, అడ్డముగా రుద్దరాదు. నడిమి చీటీ తడియరాదు. వెంటనే మంచినీటితో తుడిచి, మెత్తని పాతబట్టతో అద్ది, నీడలో నిలువుగా ఆరబెట్టవలెను. దూకుళ్ళలో అధికభాగము ఇంతటితో పోవును.

ఇక నా కథకు వత్తును. ఆ బాలుని పద్యము నా చెవిలో ముల్లువలె నాటుకొని, ఆ ప్లేటుకు మరియొక ప్రతికై పాత శిష్యులకెల్ల కబురు చేసితిని. 2019లో కొల్లేటి లంకగ్రామమువాడొకడు, "మా మామ్మగారి దగ్గర ఒక పెట్టె ఉంది మాస్టారూ, రండి" అని పిలిచెను. కట్టమీదుగా ఆటోలోను, చివర కొంతదూరము పడవలోను పోయితిని. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు ఉప్పుటేరు చేరులోపల నిలుచు చోటది. అచ్చటి చెమ్మ అట్టను, చెక్కను, లక్కను దేనిని విడువదు. పెట్టె తెరవగా ప్లేట్లపై తెల్లని బూజు. చీటీలు పురుగు తిన్నది. అయినను చీటీ పోయినచో ప్లేటు అనామకము కాదు. చీటీ చుట్టునున్న నున్నని భాగమున ఒత్తిన సంఖ్య యొకటి యుండును. దానిని వ్రాసికొని పిదప తడిగుడ్డ తీయవలెను.

నాలుగవ ప్లేటు పెట్టగానే ఆ గొంతే, ఆ పద్యమే! మూడవ పాదము నిండుగా 20 అక్షరములతో సాగి, యతి గంటకొట్టినట్లు పలికెను. నాకు ఒడలు పులకరించెను. కాని నాలుగవ పాదములో ముల్లు చిక్కి, అన్నమాటనే అనుచు నిలిచిపోయెను. ఆ ప్రతికి పాతము, ఈ ప్రతికి పునరుక్తి!

మామ్మగారికి ఎనుబదియేండ్లు దాటినవి. ఆమె లోపలినుండి, "అక్కడ వేలితో తట్టాలి పంతులుగారూ. ఆయన అలాగే తట్టేవారు" అనెను. తట్టితిని, ముల్లు దూకి ఎచ్చటనో పడి పద్యము ముగిసెను.

కడిగినను ఆ చోటు కుదురలేదు. గడియారపు పనివారి భూతద్దము పెట్టి, టార్చిలైటు ప్రక్కనుండి వేసి చూడగా, గాళ్ళకు అడ్డముగా సన్నని గీత యొకటి కనబడెను. దానిలో చమురు, దుమ్ము కలిసి గట్టిపడియుండెను. సూదితో గెలికినచో క్రొత్త గాడి పడును. పెరటిలోని తుమ్మముల్లు నొకదానిని తెప్పించి, మంచిగా నున్న గాడిలో దాని కొన దింపి, గీత పడినచోటి మీదుగా గాడి దారినే మెల్లగా నడిపితిని. ఐదారు మారులు నడిపి, ధూళి తుడిచి, క్రొత్త ఉక్కుముల్లు వేసి ప్లేటు త్రిప్పితిని. ముల్లు వెలుపలికి జారుచున్నది గనుక ఆ చుట్టు వచ్చునప్పుడు సౌండుబాక్సును వ్రేలితో కేంద్రమువైపు ఈకంత బరువుతో ఆనించితిని. రెండు మారులు తప్పినది. మూడవ మారు టక్కుమని దాటి, దారి తప్పక పోయెను. నాలుగవ మారు వ్రేలు తీసితిని. చప్పుడు మిగిలినది, దూకుడు లేదు. ఆ చప్పుడును మాన్పజూడలేదు. 1984 నాకు గుర్తున్నది.

తట్టినపుడెల్ల పోయినది అక్షరములు కావు. పాదాంతమున గాయకుడు పైషడ్జమునకెక్కి దిగిన రాగము. మామ్మగారు గుమ్మము పట్టుకొని నిలిచి విని, "ఇక్కడ ఇంత పాటుందా? ఏనాడూ వినలేదు" అనెను. కొంతసేపటికి మరల, "ఆయనా వినలేదు" అనెను. పిదప ఇంకొకమారు పెట్టుమనెను. ముల్లు మార్చి పెట్టితిని. ఆ చోటు వచ్చినపుడు ఆమె వ్రేలు గుమ్మముమీద తట్టుట చూచితిని.

మనుమడు దానిని ఫోనులోనికి ఎక్కించెను. సంఖ్యను, పద్యమున్న అంకమును వ్రాసి చేర్చి తాడేపల్లిగూడెపు బాలునికి పంపితిమి. వానికప్పుడు గొంతు మారుచున్న వయస్సు. వారము దినములకు మూడవ పాదము మాత్రము పాడి పంపెను. గొంతు రెండుచోట్ల బొంగురుపోయినది. అక్షరములు లెక్కపెట్టితిని; ఇరువదియు నున్నవి.