రోగక్రిముల లిపి – ప్రజల ధనము



పాత గ్రంథములను పరిష్కరించువారికి బాగుగా తెలిసిన సంగతి యొకటి కలదు. తాళపత్రములపై గంటముతో వ్రాసిన కాలమున, నకలు తీయువాడు ఎంత జాగరూకుడైనను ఎచ్చటనో ఒక అక్షరము తప్పును. ఆ నకలును చూచి వ్రాసినవాడు ఆ తప్పును తప్పుగానే దించి, తన వంతుగా మరియొకటి చేర్చును. ఇట్లు నూరు ప్రతులు పుట్టిన పిదప పండితుడు వాని నన్నిటిని ముందుంచుకొని, ఏ తప్పు ఏ ప్రతులలో కలదో పోల్చి, ఏ ప్రతికి ఏది తల్లియో తేల్చును. గత శతాబ్దమునకు ముందటి శతాబ్దమున బ్రౌను దొర పండితులకు జీతములిచ్చి తెలుగు కావ్యముల ప్రతులను పోల్చి చూపించినది ఈ విధముగానే. రోగక్రిముల జన్యుపరిశోధన యను నేటి విషయము పేరు వినుటకు జంకు కలిగించును గాని, అందలి పని చాలవరకు ఇదియే.

ప్రతి క్రిమిలోను దాని సంతతికి అందవలసిన ఆదేశములన్నియు నాలుగే అక్షరములతో వ్రాయబడియున్నవి. ఆ మొత్తము వ్రాతకు జీనోము అని పేరు. కరోనా వైరసు వ్రాత సుమారు 30 వేల అక్షరములు. క్షయక్రిమిది 44 లక్షలు. ప్రాణాంతకమైన మలేరియా క్రిమిది 2 కోట్ల 30 లక్షలు. మనుష్యునిది 300 కోట్లు. క్రిమి ఒకటి రెండగునప్పుడు ఈ వ్రాత నకలగును. నకలులో తప్పులు దొరలును. ఆ తప్పులలో అనేకము వలన మంచియు లేదు, చెడుగును లేదు. ఏదో యొకటి మాత్రము క్రిమికి మేలు చేసి మనకు కీడు చేయును. ఔషధమునకు లొంగని క్షయ అట్లు పుట్టినదే.

ఇట్టి వ్రాతను మొదట సంపూర్ణముగా చదివినది 1995లో, అమెరికాలో. స్వతంత్రముగా జీవించు క్రిములలో అది తొలి గ్రంథము. పిల్లలకు మెదడుపొర జ్వరము తెచ్చు క్రిమి యది. ఆ పని జరుగుచుండగా ప్రభుత్వ ధనము కొరకు పెట్టుకొన్న అర్జీని, ఈ పద్ధతి సాగదని చెప్పి అధికారులు త్రోసిపుచ్చిరి. ఆ ఉత్తరము చేరునాటికి పని దాదాపు ముగిసియుండెను. కచేరీల తీరు ఏ దేశమునందైనను ఒకటే కాబోలు. పిమ్మట ఆ ప్రభుత్వమే తెలివి తెచ్చుకొని, 2009లో అంటువ్యాధుల క్రిములను చదువుటకు మూడు కేంద్రములను నియమించి ఏండ్ల తరబడి ధనము నిచ్చినది. క్షయక్రిమి జీనోము 1998లోను, మలేరియా క్రిమి జీనోము 2002లోను వెలువడినవి. బ్రిటనులోని ఒక ధర్మనిధియు, ఫ్రెంచి, అమెరికా పరిశోధనాలయములును ఈ పనులకు తోడుపడెను.

దీనికి ప్రజాధనమే యేల అని కొందరు అడుగుదురు. క్షయయు, చలిజ్వరమును పేదవాని రోగములు. లాభము చూచుకొను వర్తకుడు వాని లిపిని చదివించుటకు సొంత డబ్బు వెచ్చింపడు. చదివిన దానిని అందరికి ఊరక పంచిపెట్టుట అతనికి అసలే గిట్టదు.

ధనమును, సెలవును సమయమునకు దొరకనిచో ఏమగునో చెప్పుటకు దూరదేశముల దాకా పోనక్కరలేదు. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డు రాసు అను సైనికవైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. ఆయన ప్రయోగములకు తన రక్తమును ఇచ్చినవాడు హుసేన్ ఖాన్ అను రోగి. కుట్టిన దోమ కొక అణా చొప్పున అతనికి ముట్టెను. లోకమునకంతకు తెలిసిన ఆ పరిశోధనలో మన దేశపు సామాన్యుడు పొందిన ప్రతిఫలము అది. కనుగొని కొన్ని వారములైనను గడువకమునుపే సర్కారు రాసును రాజపుటానాకు బదిలీ చేసెను. అచ్చట మలేరియా రోగులే అరుదు. పరిశోధన నిలిచిపోయినది. 1898లో గాని కలకత్తాలో ఆ పనికై ప్రత్యేకముగా ఆయనను నియమింపలేదు. అచ్చట పక్షులపై ప్రయోగములు చేసి, దోమకాటు వలననే క్రిమి వ్యాపించునని ఆయన నిరూపించెను. 1902లో నోబెలు బహుమతి వచ్చినది. బదిలీ చేసిన అధికారి పేరు ఎవరికిని జ్ఞాపకము లేదు.

మన దేశమున వైద్యపరిశోధనకు ధనమొసగు సంస్థ 1911లో పుట్టి, 1949లో భారత వైద్యపరిశోధన మండలి అను పేరు దాల్చెను. జీవసాంకేతిక శాఖ 1986లో ఏర్పడెను. హైదరాబాదులో జనులు సి.సి.యం.బి. అని పిలుచు కణ, అణు జీవశాస్త్ర కేంద్రమునకు 1977లో అంకురార్పణ జరిగినది. ఈ పేర్లు కరీంనగరము, ఆదిలాబాదు పల్లెలలో ఎవరి నోటను వినబడెడివి కావు. 2020లో ఆ స్థితి మారినది.

ఆ సంవత్సరము మార్చి నెల మధ్యలో ఇండోనేషియానుండి వచ్చిన యాత్రికుల బృందమొకటి ఢిల్లీనుండి రైలులో రామగుండము వరకు వచ్చి, అచ్చటినుండి కరీంనగరము చేరినది. వారికి కరోనా సోకినదని పరీక్షలలో తేలెను. లాక్‌డౌను అను మాట ఇంకను పల్లెలకు చేరకమునుపే ఆ పట్టణములో అంగళ్ళు మూతపడినవి. ఆరోగ్యసిబ్బంది ఇంటింటికి తిరిగి, జ్వరమున్నదా, దగ్గున్నదా అని అడిగిరి. వచ్చినవారిని దూషించుటకు అప్పుడు చాలమంది నోళ్ళు లేచినవి. రోగి ఏ దేశమువాడైనను రోగియే. ఇచ్చట గమనింపవలసినది వేరు. ముక్కునుండి తీసిన నమూనాపై జరిగిన పరీక్ష, వైరసు ఉన్నదా లేదా అను ఒక్క ప్రశ్నకే జవాబు చెప్పును. అది ఏ శాఖకు చెందిన వైరసు, ఏ దారిన వచ్చినది, ముందటి దానికంటె వేగముగా ప్రాకునా అని అడిగినచో, లిపిని మొదటినుండి తుదివరకు చదువవలసినదే.

సి.సి.యం.బి. వారును, వారి తోటి పరిశోధనాలయముల వారును అట్లే చదివిరి. 2020 నడుమ నాటికి దేశమున చదివిన ప్రతులలో నూటికి 41 ఒక ప్రత్యేకశాఖకు చెందినవని వారు గుర్తించి, దానికి ఎ3ఐ అని పేరిడిరి. తెలంగాణమునందు ఆ శాఖ మెండుగా నుండెను. కొలది నెలలలోనే వేరొక శాఖ దానిని వెనుకకు నెట్టివేసినది. అప్పటికి ఈ పని ఎవరి పరిశోధనాలయములో వారు, ఎవరి పద్దునుండి వారు చేసికొన్నదే గాని, దేశమంతటికి ఒక ఏర్పాటు లేకుండెను. బ్రిటను ప్రభుత్వము 2020 మార్చిలోనే రెండు కోట్ల పౌండ్లతో అట్టి ఏర్పాటు చేసికొన్నది. కావుననే అచ్చట పుట్టిన ఆల్ఫా రకమును ఆ డిసెంబరులోనే పట్టుకొనగలిగినది. ఆ వార్త వచ్చిన తరువాత మన కేంద్రప్రభుత్వము కదలి, 2020 డిసెంబరు చివర ఇన్సాకాగ్ అను సమాఖ్యను స్థాపించెను. మొదట పది పరిశోధనాలయములు, వానిలో సి.సి.యం.బి., డి.ఎన్.ఏ. ముద్రల కేంద్రము అను రెండు హైదరాబాదువి. రోగము తేలిన ప్రతి నూరు నమూనాలలో అయిదింటిని చదువవలెనని సంకల్పము. తొలి నెలలలో ఆ సంకల్పము నెరవేరలేదు. ఆ కాలమే ముఖ్యమైన కాలము.

ఆదిలాబాదు జిల్లాకు ఉత్తరమున పెన్‌గంగ పారుచున్నది. ఏటికి ఆవల మహారాష్ట్రము. పెండ్లిండ్లకు, అంగళ్ళకు, పత్తి బేరములకు రాకపోకలు తరతరములనుండి కలవు. 2021 ఫిబ్రవరిలో విదర్భలో, విశేషముగా అమరావతి ప్రాంతమున, జ్వరములు పెరిగెను. మహారాష్ట్ర నమూనాలలో రెండు మార్పులు కలసిన వైరసు కనబడుచున్నదని మార్చి 24న కేంద్ర ఆరోగ్యశాఖ ప్రకటించెను. ఆ కుటుంబములోని ఒక కొమ్మకే మే 31న ప్రపంచ ఆరోగ్య సంస్థ డెల్టా అని నామకరణము చేసినది. నామకరణము జరుగునాటికి ఏప్రిలు, మే నెలలు గడచిపోయినవి. ఆ రెండు నెలలలో ఏ ఊరిలో ఏమి జరిగినదో ఈ సభలోని వారికి చెప్పనక్కరలేదు. లిపిని చదివిన మాత్రమున డెల్టా ఆగెడిదని ఎవరును అనజాలరు. ఏటి ఆవలి ఒడ్డున కొత్తరకము పెరుగుచున్నదని నెలకు ముందు గట్టిగా తెలిసినచో, ఆక్సిజను సిలిండర్లును, మంచములును సిద్ధపరచుకొనుటకు వ్యవధి చిక్కెడిది. ఆ నెల విలువ రూపాయలలో తేలునది కాదు.

కరోనా గొడవ చల్లారినను క్షయ చల్లారలేదు. సిరిసిల్ల మగ్గాల యొద్ద, జగిత్యాల, కోరుట్ల బీడీలు చుట్టు ఇండ్లలో, గోదావరిఖని, బెల్లంపల్లి గనుల వాడలలో ఎడతెగని దగ్గు అనిన అందరికి తెలిసినదే. లిపి చదువుట వలన సామాన్యునికి ఏమి ఒరిగినదని అడిగినవారికి ఇచ్చట చక్కని జవాబు కలదు. క్షయకు ముఖ్యౌషధము రిఫాంపిసిన్. ఆ మందుకు లొంగని క్రిములలో నూటికి 95 వంతులు ఒకే జన్యువులోని 81 అక్షరముల చిన్నభాగమున మార్పు కలిగియుండును. ఆ జన్యువునకును, మందునకును గల సంబంధము 1993లో తెలిసినది. పూర్వము తెమడను గాజుబుడ్డిలో పెంచి, ఏ మందుకు క్రిమి చచ్చునో చూచుటకు వారములు, నెలలు పట్టెడిది. ఆ లోపల రోగి పనికిరాని మాత్రలు మ్రింగుచు ఇంటిల్లిపాదికి అంటించెడివాడు. ఇప్పుడు ఆ 81 అక్షరములను మాత్రమే వెదకు యంత్రములు జిల్లా ఆసుపత్రులకు వచ్చినవి. రెండు గంటలలో సంగతి తేల్చును. ఆ యంత్రమును నడుపు ఉద్యోగికి జీనోము చరిత్ర తెలియనక్కరలేదు. రోగికి అసలే అక్కరలేదు. చదివిన చదువు అట్లు యంత్రములో ఒదిగియున్నది.

ఐతే మందులు ఒకటి కాదు, పది పదిహేను. అన్నిటికి సంబంధించిన మార్పులను ఒకేసారి తెలిసికొనవలెనన్న మొత్తము లిపిని చదివి పోల్చవలయును. పోల్చుటకు పట్టిక కావలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అట్టి పట్టికను మొదటిసారి ప్రకటించెను; 38 వేలకు పైగా క్రిముల ప్రతులను అందుకు పోల్చిరి. లోకములోని క్షయరోగులలో సుమారు నాల్గవ వంతు మన దేశమువారు. కావున ఆ పట్టికలో మన క్రిముల పాఠభేదములు తగినంతగా లేనిచో అది మన రోగికి సరిగా పనిచేయదు. ఈ కొరతను తీర్చుటకే జీవసాంకేతిక శాఖ 2022లో ఒక జాతీయ కార్యక్రమమును ఆరంభించి, 32,500 క్షయక్రిముల జీనోములను చదివింప నిశ్చయించెను. అందు 10 వేలు పూర్తియైనవని 2025లో ప్రకటించిరి.

ఇక ఉట్నూరు, జైనూరు, ఆసిఫాబాదు అడవిపల్లెల మాట. ఆశా కార్యకర్త ఒక పుల్లపట్టీపై రక్తపుబొట్టు వేసి మలేరియా ఉన్నదో లేదో కొన్ని నిమిషములలో చెప్పుట ఆ పల్లెలలో అందరు చూచినదే. ఆ పట్టీ మలేరియా క్రిమి తయారుచేయు ఒక మాంసకృత్తును పసికట్టును. 2010లో పెరూ దేశమున ఒక వింత బయటపడినది. అచ్చటి కొన్ని క్రిములలో ఆ మాంసకృత్తుకు సంబంధించిన జన్యువే లోపించినది. బిడ్డ జ్వరముతో వణకుచున్నను పట్టీ లేదనును. అట్టి క్రిములు కొన్ని మన దేశమునందును కనబడినవి. మందుల సంగతియు ఇట్టిదే. క్లోరోక్విను మాత్రకు లొంగని మలేరియా మన దేశమున 1973లో అస్సాములో కనబడి, మెల్లగా వ్యాపించినది. 2010 నాటికి దేశమంతట ప్రాణాంతక మలేరియాకు వేరు మందుల జోడింపు నిర్ణయింపవలసి వచ్చెను. ఆ క్రొత్తమందును సయితము తట్టుకొను క్రిములు కంబోడియాలో పుట్టినవి. వాని లిపిలో మార్పు ఎచ్చటనున్నదో 2014 నాటికి తెలిసినది. గుర్తు తెలిసినది గనుక ఇప్పుడు కాపలా కాయవచ్చును.

కాపలా ఎచ్చట కాయవలెనన్నదే చిక్కు. యంత్రములు హైదరాబాదులో నున్నవి. రోగము అడవిలో నున్నది. వానకాలమున వాగు పొంగినచో జైనూరు దాటి ఉట్నూరు చేరుటయే గగనము. నమూనాను చల్లగా నుంచి రాజధానికి పంపుట ఎంతటి పని! పంపనిచో ఆ పల్లె క్రిమి ఏ పట్టికలోను ఉండదు. నగరపు రోగులను చదివి దేశమంతటిని చదివితిమని లెక్క వ్రాసికొనుట జరుగును. దోమతెరలు చాలని పల్లెకు జీనోము ఏల అని గిరిజన పెద్దలు అడిగినచో అది న్యాయమైన ప్రశ్న. దోమతెర ముందు రావలెను. అందు సందేహము లేదు. కాని ఆ పల్లెలో మందు ఏల పనిచేయలేదో తెలియవలెనన్న, అక్కడి రక్తపుబొట్టు ఒకటి ఆ యంత్రము దాకా పోవలసినదే. అట్లు పంపుటకు మంచుపెట్టె, మోటారుబండి, నెలజీతపు మనిషి కావలెను. జాతీయపథకముల మంజూరు పత్రములలో యంత్రముల వెలలు పెద్ద అంకెలతో కనబడును. ఈ మూడింటి ఖర్చు చిన్నది. మరపునకు వచ్చునది అదియే.

మరియొకటి. జ్వరము తగ్గగానే ధనమును తగ్గును. కరోనా కాలమున నెలకొల్పిన బ్రిటను సమాఖ్య సయితము 2023 నాటికి ముగిసినది. నకలు తీయుచు పోవు క్రిమికి మాత్రము సెలవు లేదు.

హుసేన్ ఖాన్ కాలమునకును ఇప్పటికిని ఒక భేదమైనను ఉండవలయును. నమూనా ఇచ్చినవాని పేరు గుప్తముగా నుండవలెను. ఫలితము మాత్రము అతనికి, అతని వైద్యునికి తిరిగి రావలెను. రెండువారములు మించి దగ్గు విడువనివారు తెమడ పరీక్షకు పోయినపుడు, రోగమున్నదా అని మాత్రమే గాక, మందుకు లొంగునదా కాదా అని కూడ అడుగవచ్చును. ఆ పరీక్షకు సర్కారు ఆసుపత్రిలో రుసుము లేదు. క్షయరోగికి చికిత్సాకాలమున ఆహారము కొరకు 2018నుండి నెలకు 500 రూపాయలును, 2024 నవంబరునుండి 1000 రూపాయలును అతని బ్యాంకు ఖాతాలో జమచేయు ఏర్పాటు కలదు. చదువురాని ఇరుగుపొరుగువారికి ఈ సంగతులు చదివి చెప్పుటకును, ఆ కాగితములు నింపిపెట్టుటకును సాయంకాలము గ్రంథాలయము తెరచియుండు రెండు గంటలు చాలును.