కొలువు, పిలుపు



మాదాపురమున సైబర్ టవర్సు అను భవనము 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధాని శ్రీ అటల్ బిహారీ వాజ్‌పేయి చేతులమీదుగా ప్రారంభమైనది. అదే సంవత్సరమున గచ్చిబౌలిలో ఐ.ఐ.ఐ.టి. నెలకొన్నది. హైదరాబాదు విశ్వవిద్యాలయము 1974లో స్థాపింపబడి ఆ చేరువనే కలదు. కావున ఆ రాళ్లగుట్టల ప్రాంతమున నేడు చదువుకొనువారును, ఉద్యోగము చేయువారును ఒకే వీధిలో, ఒకే హాస్టలులో, ఒకే రైలుపెట్టెలో కనిపింతురు. పరీక్షలు ముగియకముందే ఉద్యోగపు కాగితము చేతికి వచ్చుట అచట వింత కాదు.

ఇట్టి చోటికి క్రైస్తవ కుటుంబమునుండి వచ్చిన విద్యార్థికి ఒక చిక్కు కలుగును. చిన్ననాటినుండి ఇంటను, గుడిలోను అతడు వినుచు వచ్చిన మాట 'పిలుపు'. దేవుడు అబ్రాహామును పిలిచెను. బాలుడైన సమూయేలును రాత్రివేళ పేరుపెట్టి పిలిచెను. వలలు బాగుచేసికొనుచున్న జాలరులను పిలిచెను. మరి తన్ను పిలిచినదెవరు? ఇంతవరకు పిలిచినది ఒక కంపెనీ. అదియు ఈ-మెయిలు ద్వారా. ఆ స్వరము వినబడనందున తనలోనే ఏదో కొరత కలదేమో యని అతడు మథనపడును. పెండ్లిమాటలు కూడ మొదలైన ఇంటి ఆడపిల్లకు ఈ వ్యథ మరింత ఎక్కువ. ఈ ప్రశ్న క్రైస్తవుల భాషలో పుట్టినదే గాని, బిడ్డల చదువు ముగియు వేళ ప్రతి యింటను వేరువేరు మాటలతో వచ్చునదియే.

దీనిని గురించి సిద్ధాంతములు చెప్పుటకన్న, మన తెలుగుగడ్డపై పండిన ఒక జీవితమును తలచుకొనుట మేలని మా తలంపు. సికింద్రాబాదునుండి విజయవాడ పోవు రైలుమార్గమున డోర్నకల్ జంక్షను కలదు. అచట పీఠాధిపతిగా నుండిన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు తెలుగువారు కారు. 1874లో తిరునల్వేలి ప్రాంతమున వెల్లాలన్‌విళై అను పల్లెలో ఒక గ్రామ పాదిరి యింట జన్మించిరి. చెన్నపట్టణపు క్రైస్తవ కళాశాలలో చదివిరి. తుది పరీక్షల వేళ గణితపు పరీక్షకు ముందు జబ్బుపడి, పట్టా లేకయే కళాశాల విడిచిరి. (1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము వీరికి గౌరవ డాక్టరు పట్టము నిచ్చినది. మార్కుల పత్రమును చూచి కుమిలిపోవు తల్లిదండ్రుల కొరకు ఈ సంగతి చెప్పుచున్నాము.)

ఆయనకు నడిరాత్రి స్వరమేదియు వినబడినట్లు మనకు తెలియదు. 1895లో, ఇరువది యొకటవ యేట, వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరిరి. అది జీతపు కొలువు. యువకులతో మాటలాడుట, సభలు కూర్చుట, ఊరూర తిరుగుట. ఏండ్ల తరబడి అదే పని. 1902లో సింహళమునందలి యాళ్పాణమునకు పోయినప్పుడు, అచటి తమిళ క్రైస్తవులు సొంత ఖర్చుతో తమ వారినే సేవకు పంపుచుండుట చూచిరి. తరతరాలుగా క్రైస్తవము నాటుకొనిన తమ తిరునల్వేలిలో అట్టి సంఘము లేదు. అంతయు విదేశీయుల ధనము, విదేశీయుల పెత్తనము. ఆ లేమి ఆయనను నిలువనీయలేదు. మరుసటి యేట, 1903లో, పాళయంకోటలో మిత్రులతో కలిసి భారతీయుల ధనముతో, భారతీయుల నిర్వహణలో నడచు ఒక మిషనరీ సంఘమును స్థాపించిరి. ఆ సంఘము పనికి ఎన్నుకొన్నది నిజాము రాజ్యములోని మానుకోట, డోర్నకల్ ప్రాంతము.

ఇక్కడ మనము కొంచెము ఆగవలెను. సంఘము పుట్టిన తరువాత ఆరేండ్లవరకు అజరయ్యగారు ఇతరులను పంపువారే గాని తాము పోయినవారు కారు. యువకులను పొండు పొండని ప్రోత్సహించిన కార్యదర్శి, 1909లో తమ పదవి విడిచి, గురుత్వము స్వీకరించి, భార్యాబిడ్డలతో డోర్నకల్ చేరిరి. అప్పటికి వయస్సు ముప్పదియైదు. అప్పుడు తెలుగు నేర్చిరి. 1910లో ఎడింబరో సభలో, పాశ్చాత్య మిషనరీలు భారతీయులకు యజమానులుగా గాక స్నేహితులుగా నుండవలెనని నిర్భయముగా చెప్పిరి. 1912లో ఆంగ్లికను సంఘమున మొదటి భారతీయ పీఠాధిపతియైరి. 1945 జనవరి 1న మరణించువరకు డోర్నకల్ విడువలేదు. మతాంతరీకరణ విషయమున గాంధీజీ ఆయనతో విభేదించిరి. ఆ వివాదము గంభీరమైనది, నేటి ప్రసంగమున దానిని తీర్చ సాధ్యము కాదు.

కళాశాల విడిచిన నాటికిని, డోర్నకల్‌లో దిగిన నాటికిని నడుమ సుమారు పదునైదేండ్లు గడచినవి. ఇరువదియొక్క యేండ్లకే తన పిలుపు తేలలేదని కుములు విద్యార్థి ఈ లెక్క చూడవలెను. ఆయన తన మనస్సులోనికి తొంగిచూచుకొనుచు కూర్చుండలేదు. చేతనున్న పని చేయుచు, ఎదుట నున్న లోటును చూచిరి.

అట్లని పిలుపనగా పాదిరి అంగీయే యని బోధించువారితో మేము ఏకీభవింపము. అదే కళాశాలలో చదివిన వారి మిత్రులు కె. టి. పాల్‌గారు పాదిరి కాలేదు. వై.ఎం.సి.ఎ.కు మొదటి భారతీయ జాతీయ ప్రధాన కార్యదర్శియై, గ్రామములలో సహకార పరపతి సంఘములను పెంపొందించి, రైతును వడ్డీవ్యాపారినుండి విడిపించుటకు పాటుపడిరి. అప్పుపత్రములు, వాయిదాల లెక్కలు. దానికే ఆయన జీవితము చెల్లినది.

16వ శతాబ్దమున మార్టిన్ లూథరు, పిలుపును మఠములనుండి తెచ్చి చెప్పులు కుట్టువాని యింటను, పాలు పితుకు దాసి చేతను ఉంచెను. జర్మను భాషలో వృత్తికి 'బెరూఫ్' అందురు. అందు పిలుచుట అను అర్థము దాగియున్నది. మన తెలుగును తక్కువ తినలేదు. ఉద్యోగము 'కొలువు', దేవుని సేవించుట 'కొలుచుట'. ఆసుపత్రిలో మందుల మోతాదు లెక్కించు ప్రోగ్రాము వ్రాయువాడు చేసిన తప్పు రోగి మంచమువరకు పోవును. బీదవాని జీతమును జూదములోనికి లాగు యాప్‌నకు పని చేయుమన్నప్పుడు, 'నేను చేయను' అనుటయు పిలుపునకు పలుకుటయే. అయితే కొలువు ప్రతిదియు పిలుపే యని సరిపెట్టుకొనుట సులభము. జీతము పెరిగిన కొలదియు ఆ సమాధానము మరింత తీయగా తోచును.

ఇంకొక సంగతి. పల్లెనుండి వచ్చిన క్రైస్తవ విద్యార్థులలో పెక్కుమంది దళిత కుటుంబములవారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ననుసరించి, క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులముల హోదా లేదు. మన తెలుగు రాష్ట్రములలో వారు వెనుకబడిన తరగతుల 'సి' వర్గమున, 1 శాతము కేటాయింపు క్రింద నున్నారు. అట్టి యింట మొదటి జీతమనగా చెల్లెలి ఫీజు, తండ్రి అప్పు, ఇంటి పైకప్పు. ఆ జీతమును వదలుకొమ్మని కడుపునిండిన ప్రసంగీకుడు వేదికనుండి చెప్పుట న్యాయము కాదు. తండ్రి అప్పు తీర్చుటయు ఒక పిలుపే. అది తీరిన పిమ్మట ఏమి చేయవలెనన్నది అతడే, తన్నెరిగిన నలుగురితో కూర్చుండి తేల్చుకొనవలసిన మాట.

ఆ నలుగురు ఎక్కడ దొరకుదురు? 1954లో ఏర్పడిన ఎవాంజెలికల్ విద్యార్థుల సమాఖ్య వంటి సంఘములలో విద్యార్థులు చిన్నచిన్న గదులలో కూడుదురు. స్థానిక సంఘమున పెద్దలు కలరు. నెలకొక ఆదివారము బస్తీబడిలో పిల్లలకు లెక్కలు చెప్పి చూడవచ్చును. సెలవులలో ఒక పల్లె ఆసుపత్రిలో పదిదినములు పని చేసి చూడవచ్చును. పదిదినములకే విసుగు పుట్టినచో అదియు ఒక సమాచారమే, సిగ్గుపడనక్కరలేదు.

అవకాశమున్నచో డోర్నకల్ కూడ పోయి రావచ్చును. 1939లో ప్రతిష్ఠింపబడిన ఆ ఆలయమున మసీదు గుమ్మటములును, దేవాలయ స్తంభములును కలిసిన నిర్మాణము కనిపించును. ఆరాధన తెలుగున జరుగును. ఆ తమిళ పీఠాధిపతి ముప్పదియైదవ యేట నేర్చుకొనిన తెలుగున.